దారెస్సలాం నుంచి మన దగ్గర బీటెక్ దాకా: ఐసీసీఆర్ స్కాలర్‌షిప్‌కి టాంజానియా పిల్లల్ని సిద్ధం చేయడం ఎలా

టాంజానియాలో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటున్న తెలుగువాళ్లకి ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఆఫీసు డ్రైవరో, పక్కింటి టీచరో అడుగుతారు: "మావాడు ఫామ్ సిక్స్ పాసయ్యాడు. మీ దేశంలో ఇంజినీరింగ్ చదవడానికి స్కాలర్‌షిప్ ఇస్తారట కదా?" ఇస్తారు. భారత ప్రభుత్వం తరఫున ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) ఏటా ఆఫ్రికా దేశాల పిల్లలకు ఇస్తుంది. ట్యూషన్ ఫీజు వాళ్లే కడతారు. డిగ్రీ విద్యార్థికి నెలకు 18,000 రూపాయల స్టైపెండ్, ఊరిని బట్టి 5,500 లేదా 6,500 అద్దె భత్యం, పుస్తకాలూ గట్రాకి ఏడాదికి 5,000 వస్తాయి. దరఖాస్తుకు పైసా ఖర్చు లేదు. జేఈఈ రాయనక్కర్లేదు.

మరి ఎక్కడ పోతోంది సీటు? చాలాసార్లు మార్కుల దగ్గర కాదు, తేదీల దగ్గరా కాగితాల దగ్గరా. మీరు సాయం చేయగలిగేది కూడా అక్కడే.

మొదట చూడాల్సింది: ఏ గ్రూపు?

టాంజానియాలో ఏడేళ్ల ప్రైమరీ, ఆపైన ఫామ్ ఫోర్ దాకా నాలుగేళ్లు, ఫామ్ సిక్స్ దాకా ఇంకో రెండేళ్లు. ఫామ్ ఫోర్ పరీక్షను సీఎస్ఈఈ అంటారు, ఫామ్ సిక్స్ పరీక్షను ఏసీఎస్ఈఈ అంటారు. రెండూ నెక్టా అనే జాతీయ పరీక్షల మండలి పెడుతుంది. మన ఇంటర్‌కి సమానం ఫామ్ సిక్స్ మాత్రమే. ఫామ్ ఫోర్‌లో ఎన్ని ఏ గ్రేడులు వచ్చినా దాంతో బీటెక్‌కి దరఖాస్తు పెట్టి లాభం లేదు.

ఫామ్ ఫైవ్‌లో చేరేటప్పుడే పిల్లలు మూడు సబ్జెక్టుల కాంబినేషన్ తీసుకుంటారు. ఇంజినీరింగ్‌కి కావలసింది పీసీఎం, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, అడ్వాన్స్‌డ్ మ్యాథమాటిక్స్. పీజీఎం తీసుకున్నవాళ్లకు కెమిస్ట్రీ బదులు జాగ్రఫీ ఉంటుంది. ఐసీసీఆర్ మాత్రం బీటెక్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ అడుగుతుంది. పీసీబీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ) వాళ్ల సంగతి ఇంకా తికమక. వాళ్ల మార్కుల పట్టీలో "బేసిక్ అప్లయిడ్ మ్యాథమాటిక్స్" అని ఒకటి కనిపిస్తుంది. అది చూసి మ్యాథ్స్ ఉందిలే అనుకుని దరఖాస్తు పెట్టేస్తారు. అది సబ్సిడియరీ, అంటే అనుబంధ సబ్జెక్టు; ప్రిన్సిపల్, అంటే ప్రధాన సబ్జెక్టు కాదు. యూనివర్సిటీ వాళ్లు తిప్పి పంపేది దీని మీదే. పిల్లవాడు ఇంకా ఫామ్ ఫోర్‌లోనే ఉంటే ఈ ఒక్క మాట ఇప్పుడే చెప్పేయండి. రెండేళ్ల తర్వాత దిద్దుకోవడానికి వీలుండదు.

గ్రేడుల సంగతి. ఏసీఎస్ఈఈలో ఏ అంటే 80 నుంచి 100, బీ 70 నుంచి 79, సీ 60 నుంచి 69, డీ 50 నుంచి 59, ఈ 40 నుంచి 49. నెక్టా పట్టీ మీద అంకెలుండవు, గ్రేడే ఉంటుంది. మన దగ్గర సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ పెట్టిన కనీస అర్హత ఆ మూడు సబ్జెక్టుల్లో సగటున 45 శాతం. అయితే చాలా యూనివర్సిటీలు అంతకంటే ఎక్కువే చూస్తాయి. మూడింట్లోనూ సీ, ఆపైన ఉంటే ధైర్యంగా పెట్టించండి. ఒక డీ ఉన్నా ప్రయత్నించవచ్చు. మ్యాథ్స్‌లో "ఈ" గ్రేడు ఉంటే నిజం చెప్పేయడమే మేలు. సీటు దొరికినా మొదటి సెమిస్టర్ లెక్కలు మోయలేడు. గ్రేడు పక్కన మీరే ఒక శాతం ఊహించి ఫారంలో రాయకండి. గ్రేడుల పట్టిక నెక్టా ఇచ్చిన రూపంలోనే జతచేయండి.

వయసు 18 నిండి 30 దాటకుండా ఉండాలి. ఈ షరతు దగ్గర సాధారణంగా ఇబ్బంది రాదు.

క్యాలెండర్

ఈ మొత్తం వ్యవహారంలో తెలివి చూపాల్సింది ఇక్కడే. ఏసీఎస్ఈఈ పరీక్షలు మేలో జరుగుతాయి, ఫలితాలు జూలైలో వస్తాయి. ఐసీసీఆర్ పోర్టల్ సాధారణంగా ఏడాది మొదట్లో తెరుచుకుని ఏప్రిల్ ఆఖరుకి మూసేస్తారు. అంటే పిల్లవాడి చేతికి ఫలితాలు వచ్చేసరికి ఆ ఏటి తలుపు మూసుకునే ఉంటుంది. మళ్లీ తెరిచేది వచ్చే ఏడాది. ఇండియాలో క్లాసులో కూర్చునేది పరీక్ష రాసిన పదిహేను నెలలకి. ఇది తెలియక జూలైలో ఫలితాలు పట్టుకుని భారత హైకమిషన్‌కి (మన రాయబార కార్యాలయానికి) వెళ్లి, "అయిపోయింది" అన్న మాట విని వెనక్కి వచ్చేస్తారు. మరుసటి ఏడాదికి ఆ సంగతే మరిచిపోతారు.

ఆ పదిహేను నెలలూ ఖాళీగా పోనివ్వకూడదు. ఫామ్ సిక్స్ రాసినవాళ్లలో పేరు వచ్చినవాళ్లు జేకేటీ అనే జాతీయ సేవా శిబిరానికి మూడు నెలలు వెళ్లాలి. అది పరీక్షలవగానే మొదలవుతుంది, ఆ సమయంలో కాగితాల పనేదీ సాగదు. కాబట్టి పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం పనులు పరీక్షలకు ముందే కదిలించండి, లేదా శిబిరం నుంచి రాగానే పట్టుకోండి. దాంతోపాటు దారెస్సలాం యూనివర్సిటీలోనో మరో స్థానిక కాలేజీలోనో ఇంజినీరింగ్‌లో చేరిపొమ్మనండి. అక్కడ చదువుతూనే ఫిబ్రవరిలో ఐసీసీఆర్‌కి పెట్టుకోవచ్చు. ఇండియా ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా ఆ సీటు వదలకూడదు. స్కాలర్‌షిప్ వస్తుందన్న ఆశతో ఏడాది ఇంట్లో కూర్చోబెట్టడం పిల్లవాడికి చేసే అన్యాయం. మిగిలిన నెలల్లో ఏం చేయించాలో ఆఖర్లో చెబుతాను.

కాగితాలు, ముఖ్యంగా పేరు

ఒక ఫోల్డర్ పెట్టి ఇవన్నీ స్కాన్ చేయించండి: పాస్‌పోర్టు, రీటా సంస్థ ఇచ్చిన జనన ధ్రువపత్రం, సీఎస్ఈఈ, ఏసీఎస్ఈఈ ఫలితాల పత్రాలు, స్కూలు వదిలిన సర్టిఫికెట్, ఐసీసీఆర్ నమూనాలో డాక్టరు నింపిన ఆరోగ్య ధ్రువపత్రం, టీచర్ల దగ్గర నుంచి రెండు సిఫారసు లేఖలు, ఫామ్ ఫైవ్, సిక్స్ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ సిలబస్. సిలబస్ ఎందుకంటారా? మన యూనివర్సిటీలో దరఖాస్తు చూసే ప్రొఫెసర్‌కి "అడ్వాన్స్‌డ్ మ్యాథమాటిక్స్" అంటే ఏముంటుందో తెలియదు. అందులో కాలిక్యులస్, వెక్టర్లు, సంకీర్ణ సంఖ్యలు, అవకలన సమీకరణాలు అన్నీ ఉన్నాయని కళ్లతో చూస్తే అనుమానం తీరుతుంది. టాంజానియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ప్రచురించిన సిలబస్ పుస్తకాల్లో సూచిక పేజీలు స్కాన్ చేస్తే సరిపోతుంది.

స్వాహిలీలో ఉన్న ఏ కాగితానికైనా ఇంగ్లిష్ అనువాదం, దాని మీద నోటరీ ముద్ర ఉండాలి. సెకండరీ చదువు అక్కడ ఇంగ్లిష్‌లోనే కాబట్టి మార్కుల పట్టీలతో ఈ బాధ ఉండదు.

ఇక పేరు. ఇంటిపేరు ముందా వెనకా అని పాస్‌పోర్టు ఆఫీసులో తల పట్టుకున్న అనుభవం మనకి కొత్త కాదు. టాంజానియాలో అసలు ఇంటిపేరే ఉండదు చాలామందికి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా ఉంటాయి. ఉదాహరణకి జుమా హమీసి సలూం అనుకుందాం. స్కూల్లో "జుమా హెచ్. సలూం" అని రాస్తారు, జనన ధ్రువపత్రంలో "జుమా హమీసి" అని ఆగిపోతుంది, పాస్‌పోర్టులో మూడూ ఉంటాయి. మన పోర్టల్, ఆపైన వీసా, ఆపైన ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అనే విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు, ఆపైన బ్యాంకు, ప్రతి చోటా ఇవి సరిపోలాలి. దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టులో ఉన్న పేరును ఖాయం చేసుకుని, మిగతా కాగితాల్లో తేడా ఉంటే లాయరు దగ్గర అఫిడవిట్ రాయించండి. స్పెల్లింగే వేరుగా ఉంటే డీడ్ పోల్ అనే పేరు మార్పు పత్రం చేయించాలి. పోర్టల్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా కొట్టించండి. పుట్టిన తేదీ కూడా ఇలాగే సరిచూడండి.

అయిదు కాలేజీల ఎంపిక

ఏటూఏ అనే ఐసీసీఆర్ పోర్టల్‌లో విద్యార్థి స్వయంగా తన ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. మీ ఈమెయిల్ ఇవ్వకండి. నాలుగేళ్లపాటు అన్ని కబుర్లూ దానికే వస్తాయి. అందులో ప్రాధాన్య క్రమంలో అయిదు యూనివర్సిటీలు ఎంచుకోవచ్చు. దరఖాస్తు ఆ యూనివర్సిటీలకి వెళుతుంది. వాళ్లు చూసి సరే అంటారు, లేదా కాదంటారు. కనీసం ఒకటి సరే అంటేనే హైకమిషన్ స్కాలర్‌షిప్ సంగతి ఆలోచిస్తుంది. అయిదూ కాదంటే ఆ ఏడాదికి కథ ముగిసినట్టే.

అందుకే అయిదింటినీ ఢిల్లీ, బెంగళూరు పెద్ద పేర్లతో నింపేయకండి. రెండు గట్టివి, రెండు మధ్యస్థం, ఒకటి తప్పకుండా తీసుకునేది, ఇదీ లెక్క. హైదరాబాద్‌లో ఉస్మానియా, జేఎన్‌టీయూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ విదేశీ విద్యార్థులకు అలవాటైన చోట్లు. ఐసీసీఆర్ ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఏదైనా చిక్కు వస్తే వెళ్లి అడిగేందుకు ఒక చోటుంటుంది. దారెస్సలాం పిల్లలకు విశాఖ సముద్రం, ఉక్కపోత కొత్తగా అనిపించవు.

మన అలవాటు కొద్దీ "కంప్యూటర్ సైన్స్ తీసుకో" అనేస్తాం. కాస్త ఆగండి. ఆ బ్రాంచికి పోటీ ఎక్కువ. ఇటు టాంజానియాలో జరుగుతున్నదేమిటో చూడండి. రుఫిజీ నది మీద 2,115 మెగావాట్ల జూలియస్ న్యెరేరే జలవిద్యుత్ కేంద్రం కట్టారు. దారెస్సలాం నుంచి మొరోగోరో మీదుగా దొడోమాకి 2024లో విద్యుత్ రైలు మొదలైంది. ఎలక్ట్రికల్, సివిల్, మెకానికల్ చదివినవాడికి ఊళ్లో పనుంది. సీటు దొరకడమూ తేలిక.

ఒక సంగతి ఇప్పుడే చూసుకోవాలి. చదువయ్యాక టాంజానియాలో ఇంజినీరుగా పని చేయాలంటే ఈఆర్‌బీ అనే ఇంజినీర్ల రిజిస్ట్రేషన్ బోర్డులో నమోదు కావాలి. డిగ్రీకి టీసీయూ గుర్తింపు కావాలి. టీసీయూ అంటే వాళ్ల యూనివర్సిటీల కమిషన్. ఎంచుకునే బ్రాంచికి మన ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సుల నాణ్యత చూసే బోర్డు) గుర్తింపు ఉందో లేదో ముందే చూడండి. 2014 నుంచి ఎన్‌బీఏ వాషింగ్టన్ ఒప్పందంలో, అంటే ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందంలో, సభ్యురాలు. అయితే ఆ అంతర్జాతీయ గుర్తింపు ఎన్‌బీఏ టైర్ వన్ విభాగం కింద గుర్తింపు పొందిన కోర్సులకే వర్తిస్తుంది. కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచికి చూడాలి. విదేశాలకు చదువుకి వెళ్లేవాళ్లకు టీసీయూ ఇచ్చే నో ఆబ్జెక్షన్ సర్టిఫికెట్ కూడా ప్రయాణానికి ముందే తీయించండి.

అయిదు వందల మాటల వ్యాసం

పోర్టల్‌లో ఇంగ్లిష్‌లో 500 మాటల వ్యాసం రాయాలి. చాలా వ్యాసాలు ఒకేలా ఉంటాయి: చిన్నప్పటి నుంచి ఇంజినీరు కావాలని కల, ఇండియా గొప్ప దేశం, తిరిగి వచ్చి సేవ చేస్తాను. చదివేవాడి కళ్లు మూతలు పడతాయి.

తన ఊళ్లో ఏం పాడవుతుందో రాయమనండి. వర్షాకాలంలో కరెంటు ఎన్ని గంటలు పోతుంది, ఎందుకు పోతుంది? బోరు మోటారు ఎన్నిసార్లు కాలింది, ఎవరు బాగుచేశారు, ఎంత తీసుకున్నారు? విక్టోరియా సరస్సు నీళ్లు భారత్ ఇచ్చిన రుణంతో తబోరా దాకా వచ్చాయి. ఆ గొట్టం తన వీధికి ఎంత దూరంలో ఆగింది? ఇలాంటి ఒక్క సమస్యతో మొదలుపెట్టి, దానికి ఏ బ్రాంచి ఎందుకు చదవాలో, ఎంచుకున్న కాలేజీలో దానికి సంబంధించిన ఏ పాఠం ఉందో చెబితే 500 మాటలు చాలవు. ఇంగ్లిష్‌లో తప్పులు దిద్దండి, వాక్యాలు మీరు రాసివ్వకండి. హైకమిషన్ వాళ్లు ఇంగ్లిష్ పరీక్షకో మాట్లాడటానికో పిలిచినప్పుడు వ్యాసంలోని భాషా నోటి భాషా వేర్వేరుగా ఉంటే ఇట్టే తెలిసిపోతుంది.

దరఖాస్తు ఏప్రిల్ ఆఖరి వారానికి వదలకండి. అప్పుడు పోర్టల్ నత్తనడక నడుస్తుంది, ఫైలు పరిమాణం మించిందని స్కాన్లు తిప్పికొడుతుంది. మార్చి రెండో వారానికల్లా పంపేస్తే కాగితం లోపముందని ఏ యూనివర్సిటీ అయినా అడిగినా సరిచేసే సమయం ఉంటుంది.

ఈ మధ్యలో ఎవరో ఒకరు వచ్చి "నాకు హైకమిషన్‌లో మనుషులు తెలుసు, ఇంత ఇవ్వండి" అంటారు. స్వాహిలీలోనూ దళారిని దలాలి అనే అంటారు, పనీ అదే. ఈ స్కాలర్‌షిప్‌కి దలాలి అక్కర్లేదు. సందేహాలుంటే దారెస్సలాంలోని హైకమిషన్‌నో, అక్కడి స్వామి వివేకానంద సాంస్కృతిక కేంద్రాన్నో, జాంజిబార్‌లో ఉంటే కాన్సులేట్‌నో నేరుగా అడగండి. జాంజిబార్ మాట వచ్చింది కాబట్టి: 2023లో అక్కడ ఐఐటీ మద్రాస్ క్యాంపస్ మొదలైంది. ఇల్లు వదిలి అంతదూరం పంపలేని తల్లిదండ్రులకు అది కూడా చూపించండి. దాని ప్రవేశ పద్ధతి మాత్రం వేరు.

ఆఫర్ వచ్చాక

ఆఫర్ లెటర్‌ని విద్యార్థి పోర్టల్‌లోనే గడువులోగా అంగీకరించాలి. ఈమెయిల్ చూడక గడువు దాటిపోయినవాళ్లున్నారు. జూన్, జూలైల్లో రోజుకోసారి చూడమనండి. ఒకసారి చేరాక కాలేజీ గానీ కోర్సు గానీ మార్చుకోవడం కుదరదని ముందే బాగా చెప్పండి. విమాన టికెట్ ఎవరు పెట్టుకోవాలో లెటర్‌లో ఉన్న మాటే నమ్మండి, ఎవరో చెప్పింది కాదు.

స్టూడెంట్ వీసాతోనే వెళ్లాలి. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అనే సలహా ఎవరిచ్చినా వినకండి. ఏడాదికి కనీసం 5 లక్షల రూపాయల ఆరోగ్య బీమా కావాలి.

పసుపు కార్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కెన్యా, ఇథియోపియా, ఉగాండా వంటి దేశాల నుంచి వచ్చేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. టికెట్ నైరోబీ, అడిస్ అబాబాల మీదుగా ఉంటే ఈ గొడవ మీ పిల్లవాడికీ చుట్టుకోవచ్చు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆపైన జీవితాంతం. ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించి, కార్డును పాస్‌పోర్టుతో కలిపి పెట్టండి. సూట్‌కేసులో కాదు, చేతిలో.

డబ్బు. స్టైపెండ్ మొదటి నెలే రాదు. బ్యాంకు ఖాతా తెరవాలి, దానికి రిజిస్ట్రేషన్ కాగితం కావాలి, దానికి కాలేజీ బోనఫైడ్ కావాలి. ఈ వరస పూర్తయ్యేసరికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్స్, పరుపు, బకెట్, ఫోన్, తిండి అన్నీ కలిపి కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టి పంపండి. కుటుంబానికి అంత లేకపోతే, మీరు సాయం చేయదలచుకుంటే చేయాల్సింది ఇక్కడే. ఫీజులు వాళ్లెలాగూ కడుతున్నారు.

మొదటి నెల

దిగిన 14 రోజుల్లోపు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, అంతా ఆన్‌లైనే. విదేశీయుడు తమ దగ్గర దిగాడని తెలిపే ఫారం (ఫారం సీగా పేరుపడ్డది) హాస్టల్ వాళ్లు నింపారో లేదో అడగమనండి. అది లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు. బయట గదిలో దిగితే ఆ ఫారం ఇంటి యజమాని నింపాలి. చాలామంది యజమానులకి అలాంటిదొకటి ఉందనే తెలియదు. మొదటి ఏడాది హాస్టలే క్షేమం.

క్లాసులు అప్పటికే మొదలై ఉంటాయి. సెప్టెంబరులో దిగినవాడు మొదటి మిడ్ పరీక్ష పోగొట్టుకోవచ్చు, హాజరు శాతం వెనకబడుతుంది. జేఎన్‌టీయూలో 75 శాతం హాజరు కావాలి. 65 దాకా ఉంటే ఆరోగ్య కారణం చూపి మినహాయింపు అడగొచ్చు. ఆలస్యంగా చేరిన తేదీని కాలేజీ ఆఫీసులో రాతపూర్వకంగా నమోదు చేయించమనండి. స్టైపెండ్ నాలుగేళ్లూ ఆగకుండా రావాలంటే ఏటా పాసవుతూ ఉండాలి. వెనకబడిన ఏడాదికి అదనంగా ఇవ్వరు.

లెక్కల్లో పీసీఎం పిల్లలు సాధారణంగా తట్టుకుంటారు. తడబడేది రెండు చోట్ల. ఒకటి ఇంజినీరింగ్ డ్రాయింగ్. టెక్నికల్ స్కూల్లో చదివినవాళ్లు తప్ప మినీ డ్రాఫ్టర్ పట్టుకున్నవాళ్లుండరు. రెండోది సీ ప్రోగ్రామింగ్. సొంత కంప్యూటర్ లేకుండా వచ్చేవాళ్లు మొదటి ల్యాబ్‌లోనే బెదిరిపోతారు. ఆ పదిహేను నెలల్లో చేయించమన్నది ఇవే. రోజుకో గంట సీ లాంగ్వేజ్, లూపులు, అర్రేలు, ఫంక్షన్ల దాకా. వారానికి రెండు రోజులు ఆర్థోగ్రాఫిక్, ఐసోమెట్రిక్ బొమ్మలు, చేత్తో, పెన్సిల్‌తో. మీ ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే ఇచ్చేయండి.

మన లెక్చరర్లు ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, కష్టమైన చోటికి రాగానే తెలుగులోకి జారిపోతారు. సరిగ్గా ఆ ముక్కే ఈ పిల్లవాడికి అర్థం కాకుండా పోతుంది. క్లాసయ్యాక వెళ్లి అడగడానికి సంకోచించవద్దని చెప్పండి. టాంజానియాలో టీచరును ఎదురు ప్రశ్నించడం మర్యాద కాదనుకుంటారు, ఇక్కడ అడిగితే సంతోషించేవాళ్లే ఎక్కువ. "మళ్లీ చెప్పండి సార్", "ఎంత?", "ఆపండి", "నీళ్లు" లాంటి పాతిక మాటలు తెలుగులో నేర్పి పంపండి. ఆటోకీ మెస్‌కీ చాలు.

తిండి దగ్గర ఒక చిన్న చిక్కు. ఉగాలి (మొక్కజొన్న పిండితో చేసే సంకటి) చేసుకుందామని దుకాణంలో "కార్న్ ఫ్లోర్" కొంటారు. మన దగ్గర ఆ పేరుతో అమ్మేది గంజి పొడి, ఉడికిస్తే జిగురవుతుంది. "మొక్కజొన్న పిండి" అని అడగాలి. పిండిమరలో ఆడించుకుంటే ఇంకా మంచిది. తెల్ల మొక్కజొన్న దొరకడం కష్టం, పసుపుదే అలవాటు చేసుకోవాలి. అదీ దొరకని రోజున రాగి సంకటి ఎక్కడ పెడతారో చూపిస్తే పేరు అడక్కుండానే చేత్తో ముద్ద చేసుకుంటాడు.